వదిన, నేను, మూడు పేక డబ్బాలు

మా బల్ల సొరుగులో మూడు పేక డబ్బాలు ఉంటాయి. వాటి మీద 1, 2, 3 అని వదిన చేతిరాతతో అంకెలు. మొదటిది నిండు పేక, 52 ముక్కలు. రెండోదానిలో 40 ముక్కలే; నాలుగు రంగుల్లోనూ 2, 3, 4 తీసి పక్కన పెట్టాం. మూడోదానిలోనూ 40 ముక్కలే గాని, తీసినవి వేరు: డైమన్లలో ఆరు, కళావర్లలో ఆరు, 2 నుంచి 7 దాకా. ఇస్పేట్లూ ఆఠీన్లూ మాత్రం పదమూడేసి ఉంటాయి. ప్రతి శనివారం సాయంత్రం వదినా నేనూ ఈ డబ్బాల్లో ఒకటి తెరిచి, చెరి పదమూడు ముక్కలు పంచుకుని, ఆట జోలికి పోకుండా పాట మాత్రం పాడుకుంటాం.

బ్రిడ్జ్ ఆడేవాళ్లందరూ బిడ్డింగ్ అంటారు. మా ఇద్దరికీ అది మొదటి నుంచీ పాటే. వేలంపాటలో లాగే ఒక్కొక్క మెట్టూ పెంచుకుంటూ పోవడం, ఎక్కడో ఒకచోట ఆగడం. ఆట సాగాలంటే నలుగురు కావాలి. పాట సాధనకు ఇద్దరు చాలు. ఈ సాధన ఎందుకు, ఎలా అని కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఈ మధ్య చాలాసార్లు అడిగారు కనుక, మేము చేసేది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందుగా, పాటకు ఇంత విలువ ఎందుకు వచ్చిందో ఒక్క మాట. పాత ఆక్షన్ బ్రిడ్జ్‌లో పాడినా పాడకపోయినా గెలిచిన పట్టులన్నీ (నలుగురూ తలో ముక్క వేసే ఒక్కో చుట్టు ఒక పట్టు) గేమ్ లెక్కలోకి, అంటే పెద్ద బోనసు తెచ్చే హద్దు లెక్కలోకి వచ్చేవి. 1925లో హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే ఆయన ఫిన్లాండ్ అనే ఓడలో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానాకు వెళ్తూ, తోటి ఆటగాళ్లతో కొత్త లెక్క పరీక్షించాడు. పాడిన పట్టులకే గేమ్ విలువ అన్న సూత్రం అప్పటికే ఫ్రాన్సులో ఆడే ప్లఫాన్‌లో ఉంది. దానికి ఆయన స్లామ్ (పన్నెండు గాని పదమూడు గాని పట్టులు పాడి గెలవడం) బోనసులనూ వల్నరబిలిటీనీ (బోనసులూ జరిమానాలూ పెరిగే స్థితి) కలిపి ఇప్పటి కాంట్రాక్ట్ బ్రిడ్జ్‌కు రూపం ఇచ్చాడు. ఆ లెక్క ఫలితం చూడండి: వల్నరబుల్ కానప్పుడు 4 ఆఠీన్లు (పాడిన అంకెకు ఆరు కలిపితే పట్టవలసిన పట్టులు, తురుపు ఆఠీన్లు) పాడి పది పట్టులు పడితే 420. అవే ముక్కలతో 2 ఆఠీన్ల దగ్గర ఆగి అవే పది పట్టులు పడితే 170. చేతిలో ముక్కలు అవే, ఆడిన తీరు అదే. ఆ 250 తేడా అంతా పాటదే.

ఇక డబ్బాల లెక్క. పేకలో మొత్తం 40 పాయింట్లు: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. మిల్టన్ వర్క్ ప్రచారం చేసిన లెక్క ఇది, ఇప్పటికీ అందరూ వాడేది ఇదే. నిండు పేకలో సగం ముక్కలు మా ఇద్దరికీ వస్తే సగటున 20 పాయింట్లు వస్తాయి. గేమ్‌కు సుమారు 25 కావాలి, చిన్న స్లామ్‌కు సుమారు 33. అంటే నిండు పేకతో కూర్చుంటే సాయంత్రమంతా ఒకటి, రెండు అంతస్తుల్లోనే గడిచిపోతుంది, స్లామ్ పాట సాధన చేసే అవకాశమే రాదు. 12 చిన్న ముక్కలు తీసేస్తే పాయింట్లన్నీ 40 ముక్కల్లోకి చేరతాయి. అందులో 26 మనవి కాబట్టి సగటున 26 పాయింట్లు. గేమ్ గడప మీద నిలబడినట్టు ఉంటుంది. తీసేసిన 12 ముక్కలూ ప్రత్యర్థుల చేతుల్లో ఉన్నాయనుకోవాలి, అంతే.

రెండో డబ్బా కొన్నాళ్లు వాడాక దాని లోపం వదినే పట్టుకున్నారు. ఒక్కో రంగులో పది ముక్కలే మిగలడం వల్ల చేతులు చదునుగా వస్తున్నాయి. ఏడు ముక్కల రంగులు, ఒంటి ముక్కలు బాగా తగ్గిపోయాయి. మూడో డబ్బా పుట్టింది అందుకే. చిన్న ముక్కలను డైమన్లలోంచి, కళావర్లలోంచి మాత్రమే తీస్తే పాయింట్ల సగటు మారదు. కానీ ఇద్దరికీ కలిపి ఇస్పేట్లు సగటున దాదాపు ఎనిమిదిన్నర వస్తాయి, ఆఠీన్లూ అంతే. నిండు పేకలో ఆ సగటు ఆరున్నర. ఎనిమిది ముక్కలు కలిస్తే తురుపు కుదిరినట్టే కదా. స్లామ్ వెతుక్కోవడానికి ఇంతకంటే మంచి పేక నాకు తెలియదు.

మూడో డబ్బా మొదటి సాయంత్రమే మాకు ఒక చేయి వచ్చింది. నా ముక్కలు: ఇస్పేటు రాజు, రాణి, 10, 7; ఆఠీను ఆసు, రాజు, జాకీ, 9, 4; డైమను 9, 8; కళావరు రాజు, రాణి. పద్దెనిమిది పాయింట్లు. వదిన 1 ఇస్పేటుతో మొదలుపెట్టారు. నేను 2 ఆఠీన్లు అన్నాను. మా పద్ధతిలో ఆ మాట గేమ్ దాకా ఇద్దరినీ కట్టేస్తుంది. వదిన 2 ఇస్పేట్లు అన్నారు. నాకు ఇంకేమీ ఆలోచన లేదు. తురుపు కుదిరింది, పాయింట్లు ఉన్నాయి, ఆసులు అడిగితే చాలనుకుని 4 నోట్రంప్ (నోట్రంప్ అంటే తురుపు లేని పాట) అన్నాను. ఈజ్లీ బ్లాక్‌వుడ్ 1933లో తయారుచేసిన ప్రశ్న అది: నీ దగ్గర ఆసులెన్ని? వదిన 5 ఆఠీన్లు అన్నారు, రెండు ఉన్నాయని అర్థం. నాదొకటి కలిపితే మూడు. ఒక్కటే తక్కువ. 6 ఇస్పేట్లు అని కాగితం పక్కన పెట్టాను.

చేతులు తెరిచాం. వదినవి: ఇస్పేటు ఆసు, జాకీ, 9, 6, 3, ఆఠీను రాణి, 6, డైమను రాణి, జాకీ, 10, కళావరు ఆసు, 10, 9. ఇద్దరివీ కలిపి 32 పాయింట్లు, తొమ్మిది తురుపులు. ఐదు ఇస్పేట్లు, ఐదు ఆఠీన్లు, మూడు కళావర్లు: పదమూడు పట్టులు కళ్లెదుట ఉన్నాయి. కానీ డైమను ఆసూ రాజూ రెండూ అవతలివాళ్ల దగ్గర. మొదటి రెండు పట్టులూ వాళ్లవే. స్లామ్ ఆడకముందే ఓడిపోయింది.

"వాళ్లు మొదట డైమను వేయకపోవచ్చు కదా వదినా" అన్నాను.

"వేయకపోతే గెలుస్తాం. అది వాళ్ల పొరపాటు వల్ల వచ్చిన గెలుపు. మన పాట గెలిచినట్టా?" అన్నారు వదిన.

ఆ ప్రశ్న తర్వాత మేము ఆ చేతులను అక్కడే మళ్లీ పాడాం. ఈసారి ఆసులు లెక్కపెట్టడం మానేసి అదుపులు, అంటే ఏ రంగులో మొదటి రెండు పట్టులూ అవతలివాళ్లకు పోకుండా ఆపగలమో, చెప్పుకున్నాం. 2 ఇస్పేట్ల తర్వాత నేను తొందరపడకుండా 3 ఇస్పేట్లు అని తురుపు ఖాయం చేశాను. వదిన 4 కళావర్లు అన్నారు: కళావర్లలో నాకు అదుపు ఉంది. ఇప్పుడు నా వంతు. డైమన్లలో అదుపు ఉంటే 4 డైమన్లు అనాలి. లేదు కాబట్టి దాన్ని దాటేసి 4 ఆఠీన్లు అన్నాను. అనకుండా దాటేసిన ఆ మాటే ఈ పాటలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. నాకు డైమన్లలో ఏమీ లేదని వదినకు తెలిసింది, తన దగ్గరా లేదని తనకు ముందే తెలుసు. 4 ఇస్పేట్లు అన్నారు. నేను పాస్. పదకొండు పట్టులు, 450. వల్నరబుల్ అయితే 650. మొదట పాడినట్టు పాడి ఉంటే ఒక పట్టు తక్కువై 50 గాని 100 గాని ఇచ్చుకునేవాళ్లం.

ఇది చదివి బ్లాక్‌వుడ్ పనికిరాదనుకోకండి. ఆసులెన్ని అన్నది ఒక ప్రశ్న, ఆసులెక్కడ అన్నది ఇంకొక ప్రశ్న. ఎవరూ పాడని రంగులో రెండు చిన్న ముక్కలు పట్టుకుని మొదటి ప్రశ్న అడిగితే జవాబు వచ్చినా ఉపయోగం ఉండదు. ఎన్నో చోట్ల చదివిన సంగతే ఇది. ఆ రెండు డైమన్లు నా చేతిలో ఉండగా ఓడిపోతేనే తలకెక్కింది.

సాధన చేసే పద్ధతి గురించి కొంచెం. మొదట్లో నోటితో పాడేవాళ్లం. వదిన బలమైన చేయి ఉంటే "నోట్రంప్" అనే మాటను కొంచెం సాగదీస్తారు. నేను సందేహంలో ఉంటే మాటకు ముందు ఊపిరి తీసుకుంటాను. కొన్ని వారాల్లోనే మేము పాటకు బదులు ఒకరి గొంతు ఒకరం వినడం మొదలుపెట్టాం. పోటీ బల్ల మీద అది నిబంధనలకు విరుద్ధం. భాగస్వామి తటపటాయింపు నుంచి, స్వరం నుంచి వచ్చిన సమాచారాన్ని వాడుకోకూడదు. ఇంట్లో అలవాటైతే అక్కడ మానుకోవడం కష్టం. అందుకని ఇప్పుడు ఒకే కాగితం మీద ఒకరి తర్వాత ఒకరం రాస్తాం, మాట్లాడం.

అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మాత్రం నోటుపుస్తకం. పాట ముగిశాక, చేతులు తెరవకముందు, ఎదుటివారి చేయి ఎలా ఉందనుకుంటున్నామో రాస్తాం. ఎడమ పేజీ నాది, కుడి పేజీ వదినది. "ఐదు ఇస్పేట్లు, 12 నుంచి 14, కళావరు ఆసు ఉంది, డైమన్లు బలహీనం" అన్నట్టు. ఆ తర్వాతే తెరుస్తాం. సరైన కాంట్రాక్టుకు, అంటే చివరికి ఆగిన పాటకు, చేరినా రాసింది తప్పైతే అది అదృష్టం కింద లెక్క, గుర్తు పెట్టుకుంటాం. తప్పు కాంట్రాక్టుకు చేరినా రాసింది సరైతే, పాట బాగానే విన్నాం, నిర్ణయం దగ్గర పొరబడ్డాం అని తెలుస్తుంది. ఈ రెండు తప్పులకూ మందులు వేర్వేరు. పుస్తకం లేకపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అయితే ఈ సాధనలోనే ఒక పెద్ద ప్రమాదం ఉంది. అది తెలుసుకోవడానికి మాకు ఏడాది పైన పట్టింది. ఈ టపా రాయడానికి అసలు కారణం కూడా అదే.

ఒక శనివారం స్టేమన్ సాధన చేద్దామనుకున్నాం. 1 నోట్రంప్‌కు 2 కళావర్లు అని బదులిచ్చి, నాలుగు ముక్కల ఇస్పేట్లు గాని ఆఠీన్లు గాని ఉన్నాయా అని అడిగే పద్ధతి. (రూపొందించింది జార్జ్ రాపే, 1945లో దాని గురించి రాసింది ఆయన భాగస్వామి శామ్యూల్ స్టేమన్. పేరు రాసినవాడికి దక్కింది. నాకు ఇది ఎప్పుడూ అన్యాయంగానే అనిపిస్తుంది.) వదినకు 15 నుంచి 17 పాయింట్ల సమతూకం (మరీ పొడుగు, మరీ పొట్టి రంగులు లేని) చేతులు ముందే ఏరి పెట్టాం, నాకు మిగిలిన ముక్కల్లోంచి పంచాం. మూడో చేయి: ఇస్పేటు రాజు, 8, 6, 4, ఆఠీను రాణి, 7, 3, డైమను జాకీ, 9, 2, కళావరు రాణి, 8, 5. ఎనిమిది పాయింట్లు, ఎక్కడా పొడవు లేదు, ఒక్క 10 కూడా లేదు. వదిన 1 నోట్రంప్. నేను 2 కళావర్లు. వదిన 2 ఆఠీన్లు. నేను 2 నోట్రంప్. వదిన పాస్.

తెరిస్తే వదిన దగ్గర ఇస్పేటు ఆసు, 5. ఆఠీను రాజు, 10, 6, 4. డైమను రాజు, రాణి, 8, 3. కళావరు రాజు, 7, 4. పదిహేనే. మొత్తం 23. కూర్చుని లెక్కపెడితే ఏడు పట్టుల దాకా కనిపించాయి. ఎనిమిదోదానికి ముక్కలు కలిసిరావాలి. 1 నోట్రంప్ మీద నేను పాస్ అని ఉంటే హాయిగా ఉండేది.

ఆ రోజు వదిన నా పేజీ చదివారు. నేను "15 నుంచి 17, నాలుగు ఆఠీన్లు" అని సరిగానే రాశాను. వదిన పుస్తకం మూసి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "నువ్వు నా పాట వినలేదమ్మా. పేకను విన్నావు."

నిజమే. బల్ల దగ్గర ఎవరో 1 నోట్రంప్ అని ఉంటే, ఆ ఎనిమిది పాయింట్ల చదును చేతితో నేను పాస్ అనేదాన్ని. 17 ఉంటే తప్ప గేమ్ లేదు, 15 ఉంటే 2 నోట్రంప్ కూడా ప్రమాదం, ఇస్పేట్లు కుదిరినా ఈ చేతిలో కోతకు పనికొచ్చే పొట్టి రంగు లేదు. ఇవన్నీ నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం స్టేమన్ సాయంత్రం. 2 కళావర్లు అనడానికే కూర్చున్నాను, అన్నాను. వెనక్కి వెళ్లి నోటుపుస్తకం చూస్తే ఇలాంటివి వరసగా కనిపించాయి. స్లామ్ సాయంత్రాల్లో మేమిద్దరం ధైర్యవంతులం. గేమ్ పేక తెరిచిన రోజు 22 పాయింట్లకు కూడా గేమ్ దారి పట్టాం. రాబోయేది ముందే తెలిస్తే పద్ధతులు వంటబడతాయి గాని, నిర్ణయం మాత్రం మనది కాదు, డబ్బాది. 13 ముక్కల చేతులు 63,501 కోట్లకు పైగా రకాలుగా రావచ్చు. అసలు బల్ల మీద వాటిలో ఏది వస్తుందో చెప్పే అంకె ఏ డబ్బా మీదా ఉండదు.

అప్పటి నుంచి పంచేది అన్నయ్య. అన్నయ్యకు బ్రిడ్జ్ రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. అందుకే ఈ పనికి తగినవాడు. లోపలి గదిలో తనకు తోచిన డబ్బా తెరిచి, కలిపి, చెరి పదమూడు ముక్కలు తెచ్చి ఇస్తాడు. మిగిలినవి తన దగ్గరే ఉంచుకుంటాడు. ఒక్కో చేతికి ఒక్కో డబ్బా.

ఇందులోనూ ఒక చిక్కు వచ్చింది. చేతిలో ఒక్క 2 గాని 3 గాని 4 గాని కనిపించకపోతే అది రెండో డబ్బా అని పట్టేయవచ్చు. మొదటి రోజే ఇద్దరం పట్టేశాం, ఒకరికొకరం చెప్పుకోలేదు. వారం తర్వాత వదినే బయటపెట్టారు. పరిష్కారం అన్నయ్య చెప్పాడు: పంచాక 5, 6, 7 లాంటి ముక్కల్లో కొన్నింటిని తీసి, పక్కన పెట్టిన ముక్కల్లోంచి అదే రంగు చిన్నవి పెట్టేస్తాడు. పాయింట్లు మారవు, పొడవులు మారవు. పేక ఏదో చేతిని చూసి ఇక ఖాయంగా చెప్పలేం. ఆట తెలియనివాడు ఇంత శుభ్రంగా ఆలోచించినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

ఇంకొకటి చేర్చాం: అడ్డుపాట చీటీలు. ఇద్దరమే పాడుకుంటే అవతలివాళ్లు ఎప్పుడూ మౌనం. అసలు బల్ల అలా ఉండదు. కొన్ని చీటీల మీద "కుడివైపువారు 1 ఇస్పేటు", "ఎడమవైపువారు 3 డైమన్లు" అని రాసి, చాలావాటి మీద "పాస్" అని రాసి కలిపాం. మా చేతులకు పొసగని చీటీ వస్తే మరొకటి తీస్తాం. ఒకసారి వదిన 1 డైమను అన్నారు, చీటీలో 1 ఇస్పేటు వచ్చింది. నా దగ్గర ఇస్పేటు 7, 3. ఆఠీను రాజు, రాణి, 8, 5. డైమను జాకీ, 6, 4. కళావరు ఆసు, 9, 7, 2. పది పాయింట్లున్నా 2 ఆఠీన్లు అనడానికి పొడవు చాలదు. డబుల్ అన్నాను: నాలుగు ఆఠీన్లు ఉన్నాయి, పాడటానికి చోటు లేదు. 1957లో ఆల్విన్ రాత్ తెచ్చిన పద్ధతి. అదే ఏడాది ఆకాశంలోకి వెళ్లిన ఉపగ్రహం పేరు మీద దీన్ని స్పుత్నిక్ అని కూడా పిలిచారు. చీటీలు లేని రోజుల్లో ఈ డబుల్ మాకు కాగితం మీదే తెలుసు, చేతికి తెలియదు.

కంప్యూటర్ మీదా చేయవచ్చు. బ్రిడ్జ్ బేస్ ఆన్‌లైన్ లాంటి చోట్ల పాయింట్లు, పొడవులు మనమే నిర్దేశించి చేతులు పంచమనవచ్చు. దూరంగా ఉండే భాగస్వాములకు అదే మార్గం. ఒక్క జాగ్రత్త: నాలుగు చేతులూ చూసి ఎన్ని పట్టులు వస్తాయో చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. అవి ఏ రాణి ఎవరి దగ్గర ఉందో తెలిసి లెక్క కడతాయి, ఏ ఫినెస్ (పెద్ద ముక్క ఫలానా వైపు ఉందని ఊహించి చిన్నదానితో పట్టు గెలవబోవడం) ఎటువైపు చేయాలో ఎప్పుడూ తడబడవు. మనం బల్ల దగ్గర అలా ఆడలేం. ఆ అంకెతో పాట మంచిచెడ్డలు తేల్చకూడదు.

మొన్నటి శనివారం చివరి చేయి ఇది. నాకు ఇస్పేటు రాజు, 3. ఆఠీను ఆసు, జాకీ, 9, 6, 5. డైమను రాజు, 10, 4. కళావరు రాణి, జాకీ, 6. పద్నాలుగు పాయింట్లు. 1 ఆఠీను అన్నాను. చీటీ పాస్. వదిన 2 ఆఠీన్లు రాసి కాగితం నా వైపు జరిపారు. మళ్లీ పాస్ చీటీ. వదిన దగ్గర ఆరు నుంచి తొమ్మిది. నిండుగా తొమ్మిది ఉన్నా 23. నాకు ఒంటి ముక్క లేదు, ఆరో ఆఠీను లేదు. పాస్ అని రాశాను.

పుస్తకంలో నా పేజీ మీద "మూడు ఆఠీన్లు, 7 లేదా 8, మిగతావి చెదురుమదురు" అని రాశాను. వదిన పేజీలో "ఐదు ఆఠీన్లు, 15కి లోపు, సమతూకం" అని ఉంది. తెరిచాం. వదినకు ఇస్పేటు జాకీ, 9, 6, 2. ఆఠీను రాజు, 8, 7. డైమను జాకీ, 9, 7. కళావరు రాజు, 10, 8. ఎనిమిది. మొత్తం 22. ఎనిమిది పట్టుల చేయి, 110.

అన్నయ్య లోపలి నుంచి మిగిలిన ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వదిన ఒక్కొక్కటే లెక్కపెట్టారు. పద్నాలుగు.